కొలతల పుస్తకంలోంచి చింపిన వీలునామా

మా చెల్లెలి వీలునామాకు లామినేషన్ చేయించింది నేనే. ఎవరో చెప్తే చేయించలేదు, సొంత తెలివితో చేయించాను. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. ఎందుకంటే మా వకీలు ఇప్పటికీ ఏ పనిమీదైనా గుంతకల్లు వస్తే నాకు ఫోన్ చేసి, "ఏమమ్మా, ఈ మధ్య ఇంకేమన్నా ప్లాస్టిక్‌లో పెట్టించినారా?" అని అడుగుతాడు. పెద్దమనిషి కాబట్టి ఊరుకుంటున్నాను.

నేను గుంతకల్లులో రైల్వే గుమస్తాను. పెళ్లి చేసుకోలేదు. మొదట్లో కుదరలేదు, తర్వాత తోచలేదు. కాగితమంటే నాకు ప్రాణం. రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, గ్యాసు పుస్తకం మొదటి పేజీ, ఒకసారి జ్వరానికి డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా అన్నీ లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నాను. "మా అక్క ఇంట్లో ప్లాస్టిక్ తొడుగు లేకుండా మిగిలింది మా అక్కొక్కతే" అని మా చెల్లెలు అందరితో చెప్పి నవ్వేది.

చెల్లెలు కళ్యాణదుర్గంలో బట్టలు కుట్టేది. జాకెట్లు, పిల్లల గౌన్లు, జూన్ నెల వస్తే బడి యూనిఫాంలు. దాని మొగుడు లారీ ప్రమాదంలో పోయేసరికి పెద్దపిల్లకు నాలుగేళ్లు, చిన్నపిల్లకు ఇంకా నడక కూడా రాలేదు. మిషను తొక్కి ఇద్దరినీ సాకింది, రెండు గదుల ఇల్లు కట్టుకుంది. అంతా ఒక దారికి వచ్చిందనుకుంటుండగా కడుపులో గడ్డ అన్నారు. ఆరు నెలలు తిరిగాం. ఆ ఆరు నెలలూ అది కుట్టడం మానలేదు. పడుకోవే అంటే, "పడుకుంటే కుట్టేదెవరు, నువ్వు కుడతావా? సూదిలో దారం ఎక్కించేది రాదు నీకు" అనేది.

పోయే ముందు నెలలో ఒకనాడు కొలతల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, బాల్ పెన్నుతో వీలునామా రాసింది. పక్కనే కూర్చొని కాజాలు కుట్టే సాయిబన్న చేతా, జాకెట్ తీసుకుపోదామని వచ్చిన ఒక టీచరమ్మ చేతా సాక్షి సంతకాలు పెట్టించింది. ఆ టీచరమ్మ తర్వాత బదిలీ మీద యాడికో వెళ్లిపోయింది. కాగితం మిషను సొరుగులో పెట్టి, "నేను పోయినాక తీసుకో, ముందు తీసినావంటే ఊరుకోను" అని నాకు చెప్పింది.

పోయాక తీసుకున్నాను. అందులో రాసింది ఇది: "నా ఇల్లు నా ఇద్దరు బిడ్డలకు సరిసమానం. మిషను పెద్దదానికి. కత్తెర చిన్నదానికి, కాని పన్నెండేళ్లు నిండినాకనే చేతికియ్యాల. బిడ్డలు పెద్దయ్యేవరకు మా అక్క దగ్గర పెరగాల, ఆమే గార్డియన్. మా అక్కకు కోపం జాస్తి, మనసు మంచిది. వంట రాదు. వారానికి ఒక దినం కంటే ఎక్కువ ఉప్మా చేయకూడదు." కింద దాని సంతకం, సాక్షుల సంతకాలు. వెనక్కి తిప్పి చూస్తే ఏవో అంకెలు, ఆ పుస్తకంలో అన్ని పేజీల్లో ఉన్నట్టే. ఎవరివో కొలతలనుకొని మళ్లీ ఇటు తిప్పేశాను. అది నా మొదటి తప్పు.

రెండో తప్పు లామినేషన్ అంగట్లో జరిగింది. కాగితం పల్చగా ఉంది, వెనక ఏదన్నా అట్ట పెడితే ముడత పడదన్నాడు అంగడతను. నా సంచిలో ఊదొత్తుల వాళ్లిచ్చిన కేలండర్ ఉంది. దాని మీద వేంకటేశ్వరస్వామి. నాకు ఠక్కున ఆలోచన తట్టింది. చెల్లెలి మరిది ఎట్లాగూ గొడవకు వస్తాడు, ఎంత కోపమొచ్చినా దేవుడి పటాన్ని చింపడు కదా! వీలునామా వీపుకు స్వామిని ఆనించి రెంటినీ కలిపి ప్లాస్టిక్‌లో పెట్టించాను. అంగడతను మిషన్లోకి తోసే ముందు కళ్లకద్దుకున్నాడు. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరిది గొడవకు రానే వచ్చాడు. ఆయన చెనిక్కాయ పండించే రైతు. కళ్యాణదుర్గానికి దగ్గర్లోనే ఊరు. పదకొండో రోజున భోజనాలయ్యాక చెయ్యి తుడుచుకుంటూ, "వదినా, మా అన్న బిడ్డలు మా ఇంట్లో పెరగాల. ఎల్లుండి వచ్చి పిల్సుకోని పోతా" అన్నాడు. నేను వీలునామా తెచ్చి చేతిలో పెట్టాను. ముందు స్వామి కనబడ్డాడు. చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత ఇటు తిప్పి చదివి, మొహం మాడ్చుకొని, "ఇది మా వదిన రాసింది కాదు" అన్నాడు.

"మరెవరు రాసినారప్పా, నేనా?"

"ఇంత రాసినామె నా పేరొక్కసారన్నా ఎత్తదా? నేను ఆ బిడ్డలకు చిన్నాయన్ని కానా? నన్నొక మాట అడగదా?"

"నీకు బిడ్డలు కాదప్పా కావాల్సింది, ఇల్లు" అనేశాను.

నా నోరు అట్లాంటిది. ఆయన చెప్పులేసుకొని వెళ్లిపోయి, నేరుగా లాయర్ను పెట్టుకున్నాడు.

అట్లా మేము అనంతపురం కోర్టుకెక్కాం. నన్ను గార్డియన్‌గా ఒప్పుకోమని నేను, వీలునామాయే దొంగదని ఆయన. కేసు తేలేవరకు పిల్లలు నా దగ్గరుండొచ్చన్నారు. వాళ్లను గుంతకల్లు బడిలో చేర్చాను. నేను ఓడిపోతే ఇద్దరినీ ఆ ఊరికి పంపాలి. వాయిదాకు పోయి ఇంటికొచ్చిన ప్రతిసారీ చిన్నది గడపలోనే నిలబెట్టి, "పెద్దమ్మా, జడ్జి మమ్మల్ని నీకే ఇచ్చిందా?" అని అడిగేది. ఇంకా ఇవ్వలేదే అంటే, "సరే, రేపు అడుగు" అనేది, అంగట్లో మిఠాయి అయిపోయినట్టు. దానికేం, నవ్వుతూ పోయి ఆడుకునేది. నాకు అన్నం సహించేది కాదు.

వీలునామా కోర్టులో పెట్టిన రోజు చూడాలి! బెంచి క్లర్కు అందుకోగానే స్వామి కనబడ్డాడు. కళ్లకద్దుకొని జడ్జిగారికి ఇచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేమిటమ్మా?"

"వీలునామా మేడం."

"వెనక?"

"స్వామి మేడం. భద్రంగా ఉంటుందని."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు. కోర్టులో పెట్టిన ప్రతి కాగితం మీదా ముద్ర వేసి నంబరు రాయాలట. క్లర్కు ప్లాస్టిక్ మీద ముద్ర గుద్దాడు. అది జారిపోయి ఆయన చొక్కా చేతికంటుకుంది. వెనక గుద్దమన్నారు ఎవరో. "స్వామి మొహం మీద నేను గుద్దలేను సార్, నాకు పిల్లలున్నారు" అన్నాడు. మరిది తరఫు లాయరు లేచి, లోపలున్నది అసలుదో జిరాక్సో ఎవరికి తెలుసు, దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు అన్నాడు. అంటూ కాగితాన్ని బల్ల మీద విసరబోయి, స్వామిని చూసి, మెల్లగా పెట్టాడు.

జడ్జిగారు వీలునామా పైకి చదివించారు. క్లర్కు ఇల్లు, మిషను, కత్తెర అన్నీ చదివి, "మా అక్కకు కోపం జాస్తి" దగ్గరికొచ్చేసరికి జనం ముసిముసిగా నవ్వారు. ఉప్మా మాట చదవగానే పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కోర్టన్న సంగతి మరిచి లేచి, "అది పచ్చి అబద్ధం మేడం! వారానికి రెండు దినాలకు మించి నేనెప్పుడూ చేయలేదు!" అని అరిచాను.

ఎదుటి లాయరు ముఖం వెలిగిపోయింది. "రాసుకోండి! వీలునామాలో ఉన్నది అబద్ధమని పిటిషనరే ఒప్పుకుంటున్నారు!"

మా వకీలు నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాడు. "గమ్మునుండు తల్లీ! ఉప్మా నిజం. నీ కాళ్లు మొక్కుతా, ఉప్మా నిజమని చెప్పు!" అని చెవిలో బతిమాలాడు. చివరికి జడ్జిగారి ముందు చేతులు కట్టుకొని, నాకు కోపం ఎక్కువన్నదీ నిజమే, వంట రాదన్నదీ నిజమే అని ఒప్పుకున్నాను. పిల్లల కోసం ఎవరైనా ఏమైనా చేస్తారు గానీ ఆ మాట నిండు కోర్టులో చెప్పడం నా వంటి మనిషికి మామూలు విషయం కాదు.

తర్వాతి వాయిదాకు సాయిబన్న సాక్ష్యం. డెబ్భై దాటిన మనిషి. తెల్ల టోపీ ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు. ఎదుటి లాయరు మొదలుపెట్టాడు. "మీకు చూపు సరిగ్గా ఆనదు. ఆమె సంతకం పెట్టడం ఎట్లా చూశారు?"

"బాగానే ఆనుతాది సామీ. నీ కోటు మూడో కాజా పిగిలిపోతే ఎవరో నల్లదారం అనుకొని నీలం దారంతో కుట్టినారు. ఈడికి కనపడతాండాది."

లాయరు కోటు చూసుకున్నాడు. జడ్జిగారు కూడా చూశారు. నీలమే.

"సరే, ఆమె మీ ఎదురుగానే రాసిందా?"

"ఎదురుగా కాదు, పక్కన. రాసి, నన్ను సంతకం పెట్టమనింది. యాడ పెట్టాలమ్మా అంటే టేపు తీసి కొలిచి, కిందినుంచి అంగుళం వదిలి పెట్టు అనింది. అట్లనే పెట్టినా. కావాలంటే కొలుసుకోండి."

జడ్జిగారు కొలవడానికి స్కేలు తెప్పించారు కూడా. కానీ కొలిచేదేముంది, అంతా ప్లాస్టిక్. ఆమెకు ఓపిక అయిపోయినట్టుంది. ఒక కుర్ర లాయర్ను కమిషనర్‌గా వేసి, రెండు పక్షాల ఎదుట ఆ తొడుగు తీయించి, లోపలి కాగితం చిరగకుండా తెమ్మన్నారు. చిరిగితే ఏమవుతుందని నేను మా వకీల్ని అడిగాను. "చిరిగితే బిడ్డల్ని మర్చిపో" అన్నాడు.

కమిషనరూ, వకీళ్లూ, నేనూ, మరిదీ, సాయిబన్నా కలిసి ఊరేగింపుగా కోర్టు దగ్గరి లామినేషన్ అంగడికి పోయాం. "నాకు అంటించేదే తెలుసు. పీకేది నేర్చుకోలేదు" అన్నాడు అక్కడి అంగడతను. అప్పుడు సాయిబన్న, "ఇస్త్రీ బండి యాడుండాది? యేడికి అంటుకున్నది యేడికే ఊడుతాది" అన్నాడు. అంగడి పక్క సందులో ఇస్త్రీ బండి ఉంది. కమిషనర్ అందరి చేతా సరేనని సంతకాలు తీసుకున్నాడు. సాయిబన్న వీలునామా మీద తడిగుడ్డ కాదు, పొడిగుడ్డ పరిచి, బొగ్గుల పెట్టెను ఆనీ ఆనకుండా తిప్పడం మొదలుపెట్టాడు.

నేను చూడలేక ఇటు తిరిగాను. మరిది కూడా ఇటే తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయనా చూడలేకపోతున్నాడని నాకప్పుడే తెలిసింది.

"ఏమప్పా, కాలిపోతే నీకు మంచిదే కదా" అన్నాను.

"నీకు ఎప్పుడూ ఇట్లాంటి మాటలే వస్తాయా వదినా?" అన్నాడు. అని, చేతిలోని బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి, బజ్జీ ఒకటి నా వైపు చాచాడు. పొద్దుట్నుంచి నేనేమీ తినలేదు, తీసుకొని తిన్నాను. శత్రువు బజ్జీ అయినా బాగుంది.

"ఊడింది!" అన్నాడు సాయిబన్న.

స్వామి ఒక పక్కకు వచ్చేశాడు. కాగితం చెక్కుచెదరకుండా ఇంకో పక్క ఉంది. కమిషనర్ ముందువైపు చూసి, బాల్ పెన్నుతో రాసిన అసలు కాగితమే అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పి, "ఈడ కూడా రాసుండాదే!" అన్నాడు.

"అవి ఎవరివో కొలతలు సార్" అన్నాను.

"ఎవరివో కాదు మేడం" అని ఆయన చదవడం మొదలుపెట్టాడు.

పెద్దదానికి నాలుగో తరగతి గౌను పొడవు, ఐదో తరగతిది, ఆరో తరగతిది, అట్లా పదో తరగతి వరకు. చిన్నదానికి ఒకటో తరగతి నుంచి పది వరకు. తను ఉండనని తెలిసి, బిడ్డలు ఏ ఏడు ఎంత పెరుగుతారో అంచనా వేసి రాసింది మా చెల్లెలు. "పెద్దది ఎనిమిదిలో ఒక్కసారి సాగుతాది, నా మాదిరే. ఆ ఏడు అంచు మడతలో మూడు వేళ్ల గుడ్డ వదలాల. చిన్నది వాళ్ల నాయన మాదిరి, నిదానం." ఆ కుర్ర కమిషనర్ కాగితాన్ని వెలుతురుకు తిప్పుకొని కిందికి చదివాడు.

"మరిదికి: ప్రతి ఉగాదికి ఒక అంగీ. ఎడమ చెయ్యి అర అంగుళం తక్కువ పెట్టాల. చిన్నప్పుడు బండి మీద నుంచి పడి విరిగిన చెయ్యి. ఎవరికీ చెప్పకూడదు, నామోషీ పడతాడు. పండగలకు బిడ్డల్ని ఆయనింటికి పంపాల. పంపకుంటే అలుగుతాడు, అన్నం తినడు."

అందరం ఒకేసారి ఆయన ఎడమ చేతి వైపు చూశాం. ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వేసుకున్న అంగీ మా చెల్లెలు కుట్టిందే. రెండు చేతులూ మణికట్టు దగ్గర సరిగ్గా కూర్చున్నాయి. ఇన్నేళ్లలో నేనెప్పుడూ గమనించలేదు.

ఆయన ఇస్త్రీ బండి చక్రం పక్కన కూలబడ్డాడు. "ఈ చెయ్యి పొట్టయిందని మా అన్నకు కూడా చెప్పలేదు. ఆమెకొక్కదానికే తెలుసు" అని, పెద్దమనిషి, మీసాలున్నాయని కూడా చూసుకోకుండా ఏడ్చేశాడు. "నన్ను మర్సిపోలేదు వదినా. వెనక రాసింది. నేను ఈ పక్క చూసి కోర్టుకు పోతి."

తప్పు నాది. స్వామిని తెచ్చి ఆయన పేరు మీద అంటించింది నేను. "ఇంటి కోసం వచ్చినావని నోరు జారినానప్పా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను. నా జీవితంలో అట్లాంటి మాట అంతకుముందు అన్న గుర్తు లేదు. ఆయన ముక్కు చీది, "పెట్టుకున్నా. పండగకు బిడ్డల్ని పంపు, తీసేస్తా" అన్నాడు.

"ఇంకా ఉండాది" అన్నాడు కమిషనర్.

"అక్కకు: జాకెట్ ఛాతీ ఇప్పుడు ముప్పై నాలుగు. బిడ్డలు కంచంలో ఇడిసిపెట్టింది పారేయలేక తింటాది. మూడేళ్లకు ముప్పై ఎనిమిది అయితాది."

ఇద్దరు వకీళ్లు, కమిషనర్, ఇస్త్రీ అతను, ఇంతకుముందు ఏడ్చిన మరిదితో సహా అందరూ విరగబడి నవ్వారు. "చచ్చి కూడా నా పరువు తీయడం మానలేదు!" అని నేను తిట్టుకుంటూ నడిరోడ్డు మీద నిలబడ్డాను. మా వకీలు, "ఇదన్నా అబద్ధమనకు తల్లీ" అన్నాడు.

తర్వాతి వాయిదాలో మరిది బోనెక్కి, అది మా వదిన రాతే అని చెప్పాడు. ఎట్లా నమ్ముతున్నావని జడ్జిగారు అడిగితే, తల దించుకొని రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. పిల్లలు నా దగ్గరే అని ఆర్డరు వచ్చింది. ఇంటికొచ్చి గడప ముందు నిలబడగానే చిన్నది అడిగింది. "ఇచ్చిందే" అన్నాను. "నేను చెప్తే కదా అడిగినావు" అని వాళ్ల అక్కతో గొప్పలు చెప్పుకుంది.

ఇప్పుడు ప్రతి జూన్‌లో ఆ కాగితం నకలు తీసుకొని టైలరు దగ్గరికి పోతాం. అసలు కాగితం కోర్టు దగ్గరే ఉంది, ప్లాస్టిక్ లేకుండా. పండగలకు పిల్లలు చిన్నాయన ఊరికి పోతారు. ఉగాదికి ఆయన అంగీ నేనే కుట్టించి పంపుతాను. ఎడమ చెయ్యి ఎందుకు తక్కువని టైలరు అడిగితే, నీకెందుకప్పా చెప్పినట్టు కుట్టు అంటాను.

మొన్న పెద్దది ఆటకు టేపు తెచ్చి నాకు చుట్టింది. ముప్పై ఎనిమిది. "పెద్దమ్మా, అమ్మ రాసిందే వచ్చింది!" అని ఎగిరింది. టేపు వదులుగా పట్టుకున్నావని కసిరాను. జాకెట్ పట్టేసి ఊపిరాడని మాట నిజమే. అది మా చెల్లెలు చివరి నెలల్లో, పడుకోవే అంటే పడుకోకుండా కుట్టిచ్చింది. పారేయలేక ఎట్లాగో తొడుక్కుంటున్నాను. పెద్దది దాని అంచు తిప్పి చూసి, "పెద్దమ్మా, లోపలంతా గుడ్డ ఉండాది" అంది.

రెండు పక్కలా లోపల మడతల్లో రెండేసి అంగుళాల గుడ్డ వదిలిపెట్టి ఉంది. పెద్దది బ్లేడుతో పాత కుట్లు విప్పి, వాళ్లమ్మ మిషను మీద కొత్త కుట్టు వేసింది. తొడుక్కుంటే నాకోసం ఆ రోజే కుట్టినట్టు సరిపోయింది. మంచం మీద కూర్చొని ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

చిన్నది నా మొహంలోకి చూసి, "మేము ఇడిసిపెట్టింది నువ్వు తింటావని అమ్మకెట్లా తెలుసు?" అని అడిగింది.

ఆ రాత మా చెల్లెలిదేనని తేల్చడానికి జడ్జిగారికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ప్రతి వాయిదాకూ నేను తొడుక్కొని పోయింది ఆ జాకెట్టే.